మా పోలో జీటీకి ఆండ్రాయిడ్ స్టీరియో, నావిగేషన్, రివర్స్ కెమెరా: ఒకే పని రెండుసార్లు చేయించాను

నా బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015 మోడల్. 2020లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. రెండు డోర్ల స్పోర్ట్స్ కార్లతో పోలిస్తే ఇది చిన్న బండే, కానీ ఆలేరు దాటాక ఖాళీ రోడ్డు మీద ఒకసారి తొక్కి చూస్తే నేను దీన్ని ఎందుకు అమ్మడం లేదో ఎవరికైనా అర్థమవుతుంది. పోలో అమ్మకాలు మన దేశంలో 2022లో ఆగిపోయాయి కాబట్టి ఇలాంటిది మళ్లీ దొరకదన్న భయం కూడా ఉంది. అందుకే దీని మీద ఏ పని చేయించాలన్నా పదిసార్లు ఆలోచిస్తాను. అలాంటిది స్టీరియో మార్పించే విషయంలో మాత్రం తొందరపడి ఒక ఆదివారం మధ్యాహ్నం బండిని తీసుకెళ్లి షాపువాళ్ల చేతిలో పెట్టేశాను. ఆ తప్పు దిద్దుకోవడానికి నెల పట్టింది. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

ముందు అసలు ఎందుకు మార్చాలనుకున్నానో చెప్పాలి. కంపెనీ స్టీరియోతో నాకు పేచీ ఏమీ లేదు. పాటలు బాగానే వినపడేవి, ఫోన్ కలిసేది. కానీ దానికి కెమెరా బొమ్మ చూపించే స్క్రీన్ లేదు. మా ఇల్లు హనుమకొండ కుమార్‌పల్లిలో ఒక సందులో ఉంటుంది. బండి లోపలికి తిప్పే చోటు లేదు, రోజూ పొద్దున రివర్స్‌లోనే రోడ్డు దాకా రావాలి. హ్యాచ్‌బ్యాక్ ఆకారమే అంత, వెనక అద్దం చిన్నది, పక్క పిల్లర్లు లావు, బంపర్ కింద నేల మీద ఏముందో సీట్లో కూర్చుంటే కనపడదు. దసరా సెలవులు అయిపోయిన మొదటి రోజు, కాలేజీకి ఆలస్యమవుతోందని గబగబా వెనక్కి తీస్తుంటే చక్రం కింద ఏదో పటపటమని విరిగింది. దిగి చూస్తే పక్కింటి పిల్లాడి మూడు చక్రాల సైకిల్. వాడు లోపల పాలు తాగుతున్నాడు, సైకిల్ ఖాళీగా ఉంది. ఆ రోజు కాలేజీలో రెండు క్లాసులు చెప్పాను కానీ ఏం చెప్పానో గుర్తులేదు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

వాడికి కొత్త సైకిల్ కొనిచ్చి, అదే వారం కెమెరా గురించి అడగడం మొదలుపెట్టాను.

రెండో కారణం దారి. మా అత్తగారి ఊరు మంగపేట దగ్గర. ములుగు దాటి, పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో చెప్పలేం. ఫోన్‌ను ఏసీ గాలి వచ్చే చోట క్లిప్పుతో తగిలించి మ్యాప్ చూసుకుంటూ వెళ్లేదాన్ని, గుంతలో పడినప్పుడల్లా అది ఊడి కాళ్ల దగ్గర పడేది. పెడల్స్ దగ్గర ఫోన్ దొర్లుతూ ఉంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఏం పెట్టించాలన్న దాని మీద చాలా వెతికాను. లోపలి అద్దంలోనే చిన్న స్క్రీన్ వచ్చే కెమెరా సెట్టు అన్నిటికంటే చవక, స్టీరియో జోలికి వెళ్లే పనే లేదు. కెమెరా ఒక్కటే కావాలనుకునేవాళ్లకు అదే చాలు, నిజంగా చెప్తున్నాను. ఫోక్స్‌వ్యాగన్ బండ్ల కోసమే తయారైన ఆర్‌సీడీ 330 అనే టచ్ స్క్రీన్ యూనిట్‌ను పోలో వాళ్లు చాలామంది పెట్టించుకుంటారు, చూడటానికి బండితో పాటే వచ్చినట్టు ఉంటుంది. కానీ దానికి సొంత జీపీఎస్ ఉండదు, ఫోన్ మీదే ఆధారపడాలి. పయనీర్, సోనీ వాటిలో శబ్దం బాగుంటుంది, వాటిలో నేను చూసిన మోడళ్లలో కూడా మ్యాప్ ఫోన్ నుంచే రావాలి. నాకు కావాల్సింది ఫోన్ ఇంట్లో మరిచిపోయినా దారి చూపించే పెట్టె. అందుకని తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సిస్టమ్ తీసుకుందామనుకున్నాను. దానికి సొంత జీపీఎస్ యాంటెనా ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక్క మాట. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఆకాశంలో కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందితే మనం ఎక్కడున్నామో పెట్టె లెక్క కట్టుకుంటుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మలు తెచ్చుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి. మ్యాప్ ముందే లోపల ఉంటే అడవిలో కూడా దారి కనపడుతుంది, కాకపోతే యాంటెనాకు ఆకాశం కనపడాలి. ఈ ఆఖరి ముక్క తర్వాత నాకు బాగా అవసరం పడింది.

ఊళ్లోనే ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. సిస్టమ్ 11,000, పోలోకి సరిపోయే ఫ్రేమ్ 1,500, కెమెరా 1,500, ఫిట్టింగ్ 2,500, అంతా కలిపి 16,500 అన్నారు. "రెండు గంటల పని మేడమ్, చాయ్ తాగి రండి" అన్నాడు పని చేసే అబ్బాయి. నేను వెళ్లలేదు, అక్కడే నిలబడ్డాను. చుట్టూ ఉన్న ఫ్రేమ్ ఊడదీసి, నాలుగు స్క్రూలు విప్పి, కంపెనీ స్టీరియోను బయటికి లాగాడు. దాని వెనక నల్లటి పెద్ద ప్లగ్గు ఒకటి ఉంటుంది, దానికొక చిన్న లీవర్, అది తిప్పితే ప్లగ్గు మొత్తం ఒక్కసారే ఊడి వస్తుంది. దాన్ని క్వాడ్‌లాక్ అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి దాన్ని ఒక్క క్షణం చూసి, కటింగ్ ప్లయర్ తీసి, ప్లగ్గుకి జానెడు దూరంలో వైర్లన్నీ గుత్తిగా పట్టుకుని కట్ చేశాడు. టక్కుమని ఒకే చప్పుడు. నా నోట మాట రాలేదు. "అదేంది, ప్లగ్గు కట్ చేసినవ్?" అంటే "అన్ని బండ్లకు ఇట్లనే చేస్తం మేడమ్, ఈ ప్లగ్గు మన సిస్టమ్‌కి రాదు" అన్నాడు. నిజానికి దానికి సరిపోయే అడాప్టర్ వైరింగ్ మార్కెట్లో దొరుకుతుంది, కంపెనీ వైరు ఒక్కటి కూడా కట్ చేయకుండా పని అయిపోతుంది. నాకు ఆ రోజు ఆ సంగతి తెలియదు. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, ఆ తెగిన ప్లగ్గును చెత్తబుట్టలో వేయబోతుంటే అడిగి తీసుకుని డిక్కీలో పడేయడం.

వైర్లు చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. సిస్టమ్‌కి ఒక పసుపు వైరు, ఒక ఎర్ర వైరు ఉంటాయి. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే కరెంటుకి, గడియారం, సెట్టింగ్స్ గుర్తుండటానికి. ఎర్రది తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చే కరెంటుకి, సిస్టమ్ ఆన్ అవ్వాలని చెప్పేది అదే. ఆ అబ్బాయి టెస్టర్‌తో అన్ని వైర్లూ చూశాడు, తాళంతో వచ్చే వైరు దొరకలేదు. రెండూ కలిపి బ్యాటరీ లైనుకే ఇచ్చేశాడు. "బండి ఆపినప్పుడు ఈ బటన్ నొక్కండి, స్క్రీన్ ఆఫ్ అయితది" అన్నాడు. స్క్రీన్ పెద్దగా మెరిసిపోతోంది, కెమెరాలో వెనక రోడ్డు కనపడుతోంది. డబ్బులిచ్చి వచ్చేశాను.

వారం తిరిగేసరికి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆకాశవాణి వరంగల్ ఊళ్లోనే గరగరమంటోంది. స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు పని చేయడం లేదు. రివర్స్ వేస్తే కెమెరా బొమ్మ ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది, పైగా ఎడమ పక్కన ఉన్న గోడ కుడి పక్కన కనపడుతోంది. కెమెరా లేకపోయినా నయమే, ఎడమా కుడీ తిరగబడి చూపించే కెమెరా మాత్రం వద్దు. చేయి అలవాటుగా ఒక పక్కకు తిప్పుతుంది, బండి ఇంకో పక్కకు పోతుంది. ములుగు రోడ్డు మీద మ్యాప్‌లో నా బండి రోడ్డు వదిలి పొలాల్లో నడుస్తున్నట్టు, కాసేపు ఒకేచోట ఆగిపోయినట్టు కనపడేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. కాలేజీకి వరసగా మూడు రోజులు సెలవొస్తే బండి బయటికి తీయలేదు. నాలుగో రోజు పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. డ్యాష్‌బోర్డ్ లైట్లు ఒకసారి సన్నగా వెలిగి ఆరిపోయాయి.

మా బాపు కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో ఎలక్ట్రికల్ సైడు పని చేసి రిటైరయ్యాడు. ఇంజిన్ల వైరింగ్‌తో ముప్పై ఏళ్లకు పైగా గడిపిన మనిషి. బ్యాటరీ పోయిందేమో కొత్తది తెస్తానంటే ఆపాడు. మీటర్ పెట్టి చూస్తే 11.4 వోల్టులు. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. పక్కింటివాళ్ల బండితో జంపర్ కేబుల్ పెట్టి స్టార్ట్ చేశాం, గంటసేపు తిప్పి వచ్చాను, తర్వాత ఇంట్లో ఛార్జర్ పెట్టి రాత్రంతా ఉంచాం. మర్నాడు అసలు పరీక్ష.

దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. బండి ఆపి, తాళం తీసి, బానెట్ తెరిచి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్యలో మీటర్‌ను పది ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. బండిలోంచి పోయే ప్రతి చుక్క కరెంటూ అప్పుడు మీటర్ గుండా పోతుంది. మీటర్ అలా ఉన్నప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చేయకూడదు, లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. పెట్టగానే వచ్చే అంకె చూసి కంగారు పడొద్దు, బండిలోని కంప్యూటర్లన్నీ పడుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. బాపు స్టూల్ వేసుకుని ఇరవై నిమిషాలు మీటర్ ముందు కూర్చున్నాడు. అంకె తగ్గుతూ తగ్గుతూ 0.38 దగ్గర ఆగిపోయింది, ఇక కదలదు. స్టీరియో ఫ్యూజ్ పీకమన్నాడు. పీకగానే 0.03కి పడిపోయింది.

"చూసినవా బిడ్డా, బ్యాటరీ తప్పు లేదు. ఈ పెట్టె పండుకుంటలేదు."

లెక్క నేనే కట్టాను. 0.35 ఆంపియర్లు ఆ పెట్టె ఒక్కటే తాగుతోంది. రోజుకి 24 గంటలకు 8.4 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 25. నా బ్యాటరీ 44 ఆంపియర్ అవర్లది. సగానికి మించి ఖాళీ. బటన్ నొక్కితే స్క్రీన్ ఆరుతోంది తప్ప లోపల ప్రాసెసర్ మేలుకునే ఉంది, ఎందుకంటే ఎర్ర వైరుకు ఎప్పుడూ కరెంటు అందుతోంది కాబట్టి దాని దృష్టిలో తాళం ఎప్పుడూ తిప్పే ఉంది.

షాపుకి వెళ్లి అడిగితే సిస్టమ్ వాపస్ తీసుకునేది లేదన్నారు, కావాలంటే మెయిన్ లైనుకి స్విచ్ ఒకటి పెడతామన్నారు. నాకు గొడవపడే ఓపిక లేదు. పెట్టె పారేసి ఇంకోటి కొందామని నిర్ణయించుకున్నాను. బాపు ఫాతిమానగర్ వైపు ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడి భాయ్ కార్ల ఎలక్ట్రికల్ పని తప్ప వేరే పని ముట్టడు. అరగంట టార్చ్ పట్టుకుని డ్యాష్‌బోర్డ్ లోపల చూసి, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, ముందు పని చేసినవాళ్లను ఒక్క మాట కూడా అనకుండా, "అక్కా, డబ్బా మంచిదే ఉంది. పారేసుడెందుకు? వైరింగ్ సక్కగ చేస్తే అన్నీ పని చేస్తయ్" అన్నాడు. నేను నమ్మలేదు. అయిదు రకాల జబ్బులున్న పెట్టె మంచిదెలా అవుతుంది? కానీ అతను ఒక్కొక్కటీ ఎందుకో చెప్తుంటే నాకు తల తిరిగింది. ఒక్క జబ్బు కూడా పెట్టెది కాదు.

తాళంతో వచ్చే వైరు ఎందుకు దొరకలేదంటే, ఈ బండిలో స్టీరియో దగ్గరికి అలాంటి వైరే రాదు. తాళం తిప్పారు, లైట్లు వేశారు, రివర్స్ వేశారు, స్టీరింగ్ మీద బటన్ నొక్కారు, ఇవన్నీ క్యాన్ బస్ అనే రెండు సన్నటి వైర్ల మీద సందేశాలుగా వస్తాయి. కంపెనీ స్టీరియోకు ఆ భాష వచ్చు. బయటి పెట్టెకు రాదు. మధ్యలో క్యాన్ బాక్స్ అని అగ్గిపెట్టెకు కొంచెం పెద్దగా ఉండే డబ్బా పెడితే అది ఆ సందేశాలు చదివి, పెట్టెకు తాళం కరెంటు ఇస్తుంది, బటన్ల సంగతి చెప్తుంది. ఎఫ్ఎం గరగరకు కారణం ఇంకొకటి. పైకప్పు మీది యాంటెనాలో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, దానికి కరెంటు యాంటెనా వైరులోంచే వెళ్లాలి. మామూలు జాయింట్ పెడితే ఆ కరెంటు వెళ్లదు, సిస్టమ్ నీలం వైరు నుంచి కరెంటు అందించే అడాప్టర్ పెట్టాలి.

సామాను ఢిల్లీ నుంచి తెప్పించాడు, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను రోజూ రాత్రి స్టీరియో ఫ్యూజ్ పీకి డాష్ మీద పెట్టి, పొద్దున మళ్లీ పెట్టుకునేదాన్ని.

పని రోజు కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. మొదట బ్యాటరీ నెగెటివ్ తీసేశాడు. తర్వాత నా డిక్కీలోని తెగిన ప్లగ్గు అడిగాడు. అది చేతికి ఇస్తే అతని ముఖం చూడాలి, పోయిన వస్తువు దొరికినట్టు. ప్లగ్గు వైపు మిగిలిన వైరు ముక్కల్నీ, బండి వైపు వైర్లనీ రంగు చూసి ఒకదానికొకటి సోల్డర్ చేయడం మొదలుపెట్టాడు. నేను దగ్గర నిలబడి చూశాను. అన్నిటినీ ఒకే చోట అతకడు. మొదటి వైరు జాయింట్ పైన, రెండోది రెండు వేళ్లు కింద, మూడోది ఇంకో రెండు వేళ్లు కింద, ఇలా మెట్లు మెట్లుగా. ఎందుకంటే జాయింట్లన్నీ ఒకే చోట పడితే గుత్తి ముద్దయి డ్యాష్‌బోర్డ్ లోపల పట్టదు, ఒకదానికొకటి రాసుకుని షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. ప్రతి జాయింట్ మీదికీ వేడికి ముడుచుకునే గొట్టం జరిపి, లైటర్ మంట దూరం నుంచి చూపించి బిగించి, ఆఖరున గుడ్డ టేపు చుట్టాడు. నల్ల ప్లాస్టిక్ టేపు మన ఎండలకు జిగురు కరిగి ఊడిపోతుంది, మే నెలలో డ్యాష్‌బోర్డ్ లోపలి వేడి సంగతి తెలిసిందే కదా. బాపు పక్కన కుర్చీలో కూర్చుని అడ్డు చెప్పకుండా చూశాడు. మా బాపు పక్కనుండి అడ్డు చెప్పని పని నేను చూడటం అదే మొదటిసారి.

అతుకులు అయిపోయాక ఆండ్రాయిడ్ పెట్టె వెంటనే పెట్టలేదు. "పాత స్టీరియో తెచ్చిన్రా అక్కా?" అన్నాడు. తెచ్చాను. దాన్ని ఆ ప్లగ్గుకి తగిలించి, బ్యాటరీ కలిపి, ఆన్ చేశాడు. ఆకాశవాణి స్పష్టంగా వచ్చింది, వార్తలు వస్తున్నాయి. నాలుగు డోర్ల స్పీకర్లూ విడివిడిగా విన్నాడు. పాతది బాగా పని చేస్తే వైరింగ్ సరిగ్గా అతికినట్టే, ఆ తర్వాత ఏ తేడా వచ్చినా కొత్తదాంట్లో వెతుక్కోవచ్చు అని అతని లెక్క. నా పిల్లలకు ల్యాబ్‌లో నేను చెప్పేది కూడా ఇదే, ఒకసారి ఒకటే మార్చండి అని.

తర్వాత అడాప్టర్ వైరింగ్, క్యాన్ బాక్స్, కొత్త పెట్టె. ఇదంతా అరగంటలో అయిపోయింది, ప్లగ్గులో ప్లగ్గు గుచ్చడమే. పెట్టె సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్యాన్ బాక్స్ తయారీదారు పేరు, బండి రకం ఎంచుకోవాలి, అది తప్పుగా పెడితే బటన్లు పని చేయవు. సరిగ్గా పెట్టగానే స్టీరింగ్ మీది వాల్యూమ్ పని చేసింది. డోర్ తీస్తే స్క్రీన్ మీద చిన్న బండి బొమ్మకు డోర్ తెరుచుకుంది, నాకు చిన్నపిల్లలా సంతోషమేసింది. తాళం తీస్తే పెట్టె తనంతట తనే ఆగిపోయింది.

కెమెరా దగ్గర ఎక్కువ టైమ్ పట్టింది. ముందువాళ్లు వైరును డిక్కీ తలుపు పక్కసందులోంచి లాగి లోపలికి తెచ్చారు, తలుపు వేసినప్పుడల్లా అది నలుగుతోంది, పైన తొడుగు అప్పటికే చిరిగి రాగి కనపడుతోంది. డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య మడతలు మడతలుగా రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, కంపెనీ వైర్లన్నీ దాంట్లోంచే వెళ్తాయి. కెమెరా వైరు కూడా అందులోంచే వెళ్లాలి. గొట్టం బిగుతుగా ఉంది, లోపల ఇప్పటికే వైర్లు నిండి ఉన్నాయి. భాయ్ గొట్టం రెండు చివరలూ మెల్లగా ఊడదీసి, లోపల పౌడర్ చల్లాడు, ముఖానికి రాసుకునే మామూలు పౌడరే. పాత సైకిల్ బ్రేక్ కేబుల్ ఒకటి ఆ చివర నుంచి ఈ చివరకు దూర్చి, దాని కొసకు కెమెరా వైరు కట్టి, ఒక చేత్తో గొట్టాన్ని పాము చర్మంలా వెనక్కి నెడుతూ ఇంకో చేత్తో కేబుల్ లాగాడు. అంగుళం అంగుళం వచ్చింది. ఇరవై నిమిషాలు అదే పని. నుదుటి మీద చెమట, చేతుల నిండా తెల్లటి పౌడర్.

బొమ్మ కొట్టుకోవడానికి కారణం, కెమెరాకు కరెంటు రివర్స్ లైట్ నుంచి ఇచ్చారు. ఈ బండిలో లైట్లకు కరెంటు నిలకడగా కాక ముక్కలు ముక్కలుగా వస్తుంది, బల్బుకి తేడా తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. భాయ్ లైట్ వైరును వదిలేసి, క్యాన్ బాక్స్ ఇచ్చే రివర్స్ సిగ్నల్‌తో ఒక రిలే (సిగ్నల్ అందితే కరెంటు కలిపే స్విచ్) పెట్టి, ఫ్యూజ్ ఉన్న వేరే లైను నుంచి కెమెరాకు కరెంటు ఇచ్చాడు. కొట్టుకోవడం ఆగిపోయింది. తిరగబడిన బొమ్మ సంగతి మరీ చిన్నది. కెమెరా వైరు మీద రెండు చిన్న లూపులు ఉంటాయి, ఒకటి కట్ చేస్తే ఎడమా కుడీ మారతాయి, ఇంకోటి కట్ చేస్తే గీతలు పోతాయి. ఏది దేనికో కెమెరాతో వచ్చిన కాగితం చూసి కట్ చేయాలి.

జీపీఎస్ యాంటెనాను స్టీరియో వెనక, డ్యాష్‌బోర్డ్ లోపలి ఇనుప రాడ్డు కిందికి తోసి వదిలేశారట. ఇనుము కింద నుంచి ఆకాశం ఎట్లా కనపడుతుంది! దాన్ని బయటికి తీసి, ముందు అద్దానికి దగ్గరగా, ప్లాస్టిక్ కిందే, ముఖం పైకి ఉండేలా అతికించాడు. షెడ్డు బయటికి తీసి రెండు నిమిషాలు ఆగితే పదకొండు ఉపగ్రహాలు చూపించింది.

భాయ్ తీసుకున్నది అడాప్టర్ వైరింగ్, క్యాన్ బాక్స్ కలిపి 3,200, యాంటెనా అడాప్టర్ 400, రిలే, ఫ్యూజ్, టేపులు 300, కూలి 3,500. మొత్తం 7,400. మొదట ఇచ్చిన 16,500తో కలిపితే 23,900 అయింది. కూలి ఎక్కువనిపిస్తే పొద్దున పది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా అతను ఒక్క బండి మీదే ఉన్నాడన్నది కూడా చూడండి. ఇంటికొచ్చాక బాపు మళ్లీ మీటర్ పెట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత 0.03. ఏమీ అనకుండా మీటర్ డబ్బాలో పెట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున స్క్రీన్ మీది గీతల సంగతి తేల్చాం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు కనపడతాయి కానీ ఏ గీత అంటే ఎంత దూరమో ఎవరూ చెప్పరు. పైగా ఈ కెమెరాలు చేప కన్నులా వెడల్పుగా చూస్తాయి, దగ్గరున్నది కూడా దూరంగా ఉన్నట్టు కనపడుతుంది. అమ్మ వాకిట్లో ముగ్గు వేసి లేస్తుంటే ఆ పిండి డబ్బా పట్టుకుని రమ్మన్నాను. బాపు టేపు పట్టుకుని కొలుస్తుంటే, బంపర్ నుంచి అర మీటరు, మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్ల దగ్గర అమ్మ నేల మీద అడ్డంగా గీతలు గీసింది, ఒక్కటి కూడా వంకర పోలేదు. నేను లోపల కూర్చుని చూస్తే ఎర్ర గీత దాదాపు అర మీటరు గీత మీద పడింది, పసుపుది ఒకటిన్నర దగ్గర. ఆకుపచ్చది మూడు మీటర్లకు కొంచెం ఇవతల. ఇప్పుడు నాకు ఆ గీతలంటే అంకెలు. పక్కింటి పిల్లాడి కొత్త సైకిల్ తెచ్చి ఒక్కో గీత మీద పెట్టి చూశాం, బంపర్ మూలకు ఆనించి పెడితే తప్ప ప్రతి చోటా కనపడింది. ఆ మూల మాత్రం కెమెరాకు కూడా అందదు. అందుకే ఇప్పటికీ ఎక్కే ముందు ఒకసారి బండి వెనక్కి నడిచి చూసే ఎక్కుతాను.

నావిగేషన్‌కు అసలు పరీక్ష 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లినప్పుడు జరిగింది. అత్తగారిని, ఆడబిడ్డను తీసుకుని, బెల్లం మూట డిక్కీలో వేసుకుని బయల్దేరాం. అంత జనంలో ఫోన్‌లో నెట్ పేరుకే ఉంది, ఒక్క పేజీ తెరుచుకోలేదు. మ్యాప్ తాడ్వాయి మీదుగా పొమ్మంటోంది, పస్రా దగ్గర పోలీసులు నార్లాపూర్ వైపు మళ్లించారు. పోలీసుల దారి మ్యాప్‌కు తెలియదు, జాతరలో వాళ్లు చెప్పిందే వినాలి. కానీ బండి తిప్పగానే ఏ నెట్ లేకుండానే పెట్టె కొత్త దారి లెక్క కట్టుకుంది, ఇంకా ఎంత దూరమో చూపించింది. పార్కింగ్ చేసిన చోట మ్యాప్ మీద గుర్తు పెట్టి, ఆ బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. గద్దెల దగ్గర మొక్కు చెల్లించి రాత్రి తిరిగొచ్చేసరికి పొలంలో వేల బండ్లు, అన్నీ ఒకేలా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఫొటో చూసుకుంటూ నేరుగా మా బండి దగ్గరికి వచ్చాం. వెనక ఎవరో దుప్పటి పరుచుకుని పడుకున్నారు. రివర్స్ వేయగానే స్క్రీన్ మీద ముందు ఆ దుప్పటే కనపడింది. ఆడబిడ్డ దిగి వాళ్లను లేపి, పక్కకు జరిగాక నేను బండి కదిలించాను.

కంపెనీ స్టీరియోను అమ్మ పాత నూలు చీర ముక్కలో చుట్టి అట్టపెట్టెలో పెట్టింది, నా గది బీరువా పైన ఉంది. బాపు ఒక కాగితం మీద ఏ రంగు వైరు దేనిదో, క్యాన్ బాక్స్ ఎక్కడ కట్టారో, రిలే ఫ్యూజ్ ఏ పక్కన ఉందో బొమ్మ గీసి, తారీఖు వేసి అందులో పెట్టాడు. ఎప్పుడు కావాలన్నా ప్లగ్గు మార్చి పాతది బిగించడానికి అరగంట చాలు.